పెద్ద పంపు వేస్తే ప్రెషర్ పెరుగుతుందా? కారు ఫ్యూయల్ సిస్టమ్ అసలు లెక్క

బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి అదనంగా తోసే గాలి ఒత్తిడి) పెంచిన టర్బో కారు పై ఆర్‌పీఎంలో తడబడిందంటే చాలామంది నోట మొదట వచ్చే సలహా ఒక్కటే: పెద్ద పంపు వేయించు. డబ్బాల మీద గంటకు 255 లీటర్లు, 340 లీటర్లు, 450 లీటర్లు అని రాసి ఉంటుంది కాబట్టి ఎంత పెద్ద అంకె ఉంటే అంత మంచిదనిపించడం సహజం. పంపు మారుస్తారు. ఒక్కోసారి సమస్య తీరుతుంది, ఒక్కోసారి తీరదు. ఇంకోసారి పాత సమస్య అలాగే ఉండిపోయి, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) పెట్రోలు వాసన, ఇంజిన్ వేడి మీద ఉన్నప్పుడు స్టార్ట్ కాకపోవడం వంటి కొత్తవి వచ్చి చేరతాయి. ఈ గందరగోళమంతా ప్రెషర్‌ని పంపు తయారు చేస్తుందనే నమ్మకం దగ్గర మొదలవుతుంది. పంపు ఇచ్చేది ప్రవాహం, అంటే గంటకు ఇన్ని లీటర్లని. ప్రెషర్ ఎంత ఉండాలో తేల్చేది రెగ్యులేటర్. ముందు ఈ రెండు పనులనీ విడదీసి చూడాలి.

రిటర్న్ పైపు ఉన్న, పెట్రోలుని సిలిండర్లకు వెళ్లే గాలిదారిలో చిమ్మే మామూలు పోర్ట్ ఇంజెక్షన్ కారు తీసుకుందాం. ట్యాంకులో మునిగి ఉన్న పంపు పెట్రోలుని ఫిల్టర్ మీదుగా ఇంజిన్ పైనున్న ఫ్యూయల్ రైలుకి పంపుతుంది. రైలు అంటే ఒక గొట్టం, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లన్నీ ఆ రైలుకే తగిలించి ఉంటాయి. రైలు దాటాక రెగ్యులేటర్ ఉంటుంది. దాని లోపల ఒక స్ప్రింగు, ఒక డయాఫ్రమ్. స్ప్రింగుని 3 బార్లకు, అంటే సుమారు 43.5 పీఎస్ఐకి, కట్టి ఉంచారనుకోండి. రైల్లో ప్రెషర్ అంతకు మించగానే డయాఫ్రమ్ వెనక్కి జరిగి దారి తెరుస్తుంది, మిగులు పెట్రోలు రిటర్న్ పైపులోంచి ట్యాంకుకి వెళ్లిపోతుంది. ప్రెషర్ తగ్గితే దారి మూసుకుంటుంది. పంపు ఆగకుండా తోస్తూనే ఉంటుంది, రెగ్యులేటర్ ఎప్పటికప్పుడు సర్దుతూ ఉంటుంది.

ఇప్పుడు ఇదే కారులో రెట్టింపు సామర్థ్యం ఉన్న పంపు వేశారనుకోండి. రెగ్యులేటర్ తట్టుకోగలిగినంత వరకు రైల్లో ప్రెషర్ అదే 3 బార్లు. పెరిగేది రిటర్న్ పైపులో తిరిగి వెళ్లే పెట్రోలు మాత్రమే. ఇంజెక్టర్‌కి తెలిసే తేడా ఏమీ ఉండదు. పంపు చిన్నదైతే మాత్రం కథ వేరు. ఇంజిన్ తాగే పెట్రోలు పంపు ఇచ్చేదానితో సమానమయ్యే సరికి రెగ్యులేటర్ పూర్తిగా మూసుకుపోతుంది. అక్కడి నుంచి దాని చేతిలో ఏమీ ఉండదు, ప్రెషర్ పడిపోవడం మొదలవుతుంది. పెద్ద పంపు తీర్చేది ఈ ఒక్క లోటునే.

చూడాల్సింది తేడా ప్రెషర్

రైలు మీద గేజి పెట్టి 3 బార్లు కనిపిస్తే చాలు అనుకుంటాం. కానీ ఇంజెక్టర్ ఒక కొన రైల్లో, మరో కొన సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఉంటుంది. దాని గుండా పెట్రోలుని తోసేది రైలు ప్రెషర్‌కీ మానిఫోల్డ్ ప్రెషర్‌కీ మధ్య ఉన్న తేడా. ఐడిల్‌లో మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఉంటుంది, అది పెట్రోలుని తన వైపు లాగుతుంది. బూస్ట్ మీద అదే మానిఫోల్డ్ ఎదురు తోస్తుంది.

అందుకే రెగ్యులేటర్ నెత్తి మీద ఒక సన్నని హోస్ ఉండి, అది మానిఫోల్డ్‌కి కలిసి ఉంటుంది. మానిఫోల్డ్‌లో 0.6 బార్ల వాక్యూమ్ ఉంటే రైలు ప్రెషర్ 2.4 బార్లకు దిగుతుంది. 1 బార్ బూస్ట్ వస్తే 4 బార్లకు పెరుగుతుంది. ఇంజెక్టర్ దృష్టిలో రెండు చోట్లా తేడా 3 బార్లే. కాబట్టి ఐడిల్‌లో గేజి 2.4 చూపిస్తే ప్రెషర్ తక్కువుందని రెగ్యులేటర్ స్క్రూ తిప్పేయకూడదు. బేస్ ప్రెషర్, అంటే మానిఫోల్డ్ ప్రభావం లేనప్పటి రైలు ప్రెషర్, సెట్ చేయాలంటే ఆ హోస్ ఊడదీసి, మానిఫోల్డ్ వైపు కొనని మూసి, అప్పుడు 3 బార్లకు పెట్టాలి. తర్వాత హోస్ తిరిగి బిగించాలి. చిన్న పనే, కానీ దీన్ని వదిలేస్తే ఆ తర్వాత చేసిన ట్యూనింగ్ అంతా తప్పుడు పునాది మీద నిలబడుతుంది.

తేడా ప్రెషర్ తగ్గితే ఇంజెక్టర్ ప్రవాహం దాని వర్గమూలం లెక్కన తగ్గుతుంది. ఒక ఉదాహరణ. 1 బార్ బూస్ట్, 3 బార్ల బేస్ ప్రెషర్ ఉన్న కారు. ఫుల్ యాక్సిలరేటర్ మీద రైల్లో 4 బార్లు ఉండాలి. డేటా లాగ్ తీస్తే 5500 ఆర్‌పీఎం దాకా 4 బార్లు గట్టిగా నిలబడింది. 6000 దగ్గర 3.8, 6500 దగ్గర 3.5. గేజి చూసినవాళ్లకు 3.5 తక్కువగా అనిపించకపోవచ్చు, ఐడిల్ కంటే అది ఎక్కువే కదా. కానీ తేడా ప్రెషర్ 3 నుంచి 2.5 బార్లకు పడిపోయింది. 2.5ని 3తో భాగించి వర్గమూలం తీస్తే 0.91. అంటే పెట్రోలు దాదాపు 9 శాతం తక్కువ పడుతోంది. 0.80 లాంబ్డా (గాలి, పెట్రోలు నిష్పత్తి కొలత; 1 కంటే ఎంత తగ్గితే అంత పెట్రోలు ఎక్కువ) దగ్గర ట్యూన్ చేసిన మిశ్రమం 0.88కి చేరి లీన్ అవుతుంది, అంటే అందులో పెట్రోలు తగ్గుతుంది. అదీ సిలిండర్‌లో వేడి, ఒత్తిడి తారస్థాయిలో ఉన్న చోట. నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే పేలడం) మొదలై, పిస్టన్ అంచులు కరగడానికి ఇలాంటివి కొన్ని పరుగులు చాలు. కారు మాత్రం కింది ఆర్‌పీఎంలో ఎంతో సాఫీగా నడుస్తూ ఉంటుంది, అనుమానమే రాదు. అందుకే పవర్ పెంచిన కారులో రైలు ప్రెషర్ సెన్సర్‌ని నేను అలంకారం కింద లెక్కగట్టను. టర్బో కంటే ముందు కొనాల్సిన వస్తువుల్లో అది ఒకటి.

లాగ్‌లో రైలు ప్రెషర్, మానిఫోల్డ్ ప్రెషర్ రెండూ పక్కపక్కనే ఉండాలి. ఒకదాని నుంచి ఒకటి తీసేస్తే వచ్చే గీత అడ్డంగా సాగిపోవాలి. అది ఎక్కడ వంగితే అక్కడ మీ ఫ్యూయల్ సిస్టమ్ హద్దు.

పంపు కొనే ముందు

గీత వంగిందంటే పంపు చిన్నదనే అర్థం కాదు. పంపుకి అందే వోల్టేజి తక్కువై ఉండొచ్చు, ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, ట్యాంకులో పంపు కిందుండే జల్లెడకి మడ్డి పట్టి ఉండొచ్చు, పైపు ఎక్కడో నలిగి ఉండొచ్చు. వీటిలో వోల్టేజి గురించి ఎంత చెప్పినా తక్కువే.

పంపు అంటే మోటారు. వోల్టేజి తగ్గితే వేగం తగ్గుతుంది, ప్రవాహం తగ్గుతుంది. కంపెనీలు ప్రకటించే లీటర్ల అంకె సాధారణంగా 13.5 వోల్టుల దగ్గరిది. ఫ్యాక్టరీ వైరింగ్‌ని ఫ్యాక్టరీ పంపు కోసమే లెక్కగట్టి వేస్తారు. దాని మీద 12 ఆంపియర్లు లాగే పంపు పెట్టారనుకుందాం. రిలే, కనెక్టర్లు, సన్నని వైరు, బాడీకి బిగించిన ఎర్త్ అన్నీ కలిపి 0.15 ఓమ్‌ల నిరోధం ఉన్నా చాలు, 1.8 వోల్టులు దారిలోనే మాయమవుతాయి. బ్యాటరీ దగ్గర 13.8 ఉంటే పంపు దగ్గర 12. పెద్ద పంపు మరింత కరెంటు లాగుతుంది కాబట్టి అదే వైరింగ్ మీద నష్టం ఇంకా పెరుగుతుంది. కొత్త పంపు వేసినా గీత అక్కడే వంగడానికి తరచుగా కారణం ఇదే.

దీన్ని కొలవడానికి మల్టీమీటర్ చాలు. కానీ పంపు పనిచేస్తూ, ప్రెషర్ నిలబడి ఉండగా పంపు టెర్మినల్స్‌కి వీలైనంత దగ్గరగా కొలవాలి. పంపు ఆపి కొలిస్తే కరెంటు ప్రవహించదు కాబట్టి ఎంత పాడైన వైరైనా 12 వోల్టులు చూపిస్తుంది. పంపు మూత పైనున్న కనెక్టర్ విప్పి చూస్తే ఒక్కోసారి మీటర్ అవసరం కూడా ఉండదు. రెండు పిన్నుల్లో ఒకదాని చుట్టూ తెల్లటి ప్లాస్టిక్ టీ రంగుకి తిరిగి, పిన్ను మీద మెరుపు పోయి నల్లగా మసిబారి, క్లిప్పు వదులై ఉంటుంది. అక్కడ వేడి పుడుతోందంటే వోల్టేజి అక్కడ ఖర్చవుతున్నట్టే. ఇలాంటి కనెక్టర్ మీద పెద్ద పంపు పెట్టడం ప్రమాదకరం, అది పెట్రోలు ట్యాంకు నెత్తి మీద ఉంది మరి. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో సహా నేరుగా మందపాటి వైరు లాగి, పాత పంపు వైరుని రిలేని ఆన్ చేయడానికి మాత్రమే వాడుకుని, ఎర్త్‌ని కూడా అదే మందంతో వేయాలి. పాజిటివ్ వైరుకి ఖర్చుపెట్టి ఎర్త్‌ని తుప్పు పట్టిన బోల్టుకి చుట్టేసే పని చాలా చోట్ల కనిపిస్తుంది. కరెంటు రెండు వైర్లలోనూ ఒకే మోతాదులో పోతుంది, నష్టం ఎటువైపు జరిగినా నష్టమే.

ఎంత పంపు కావాలి?

పెట్రోలు టర్బో ఇంజిన్‌కి ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకు సుమారు 270 గ్రాముల ఇంధనం లెక్క వేసుకోవచ్చు. టర్బో లేని ఇంజిన్లకు 205 నుంచి 230 గ్రాములు సరిపోతాయి. 300 హార్స్‌పవర్ టర్బో అయితే గంటకు 81 కిలోలు. పెట్రోలు సాంద్రత లీటరుకు 0.74 కిలోలనుకుంటే దాదాపు 110 లీటర్లు. దానికి పాతిక శాతం మిగులు కలిపితే 137. 255 లీటర్ల పంపుకి ఇది చాలా తేలిక. 450 లీటర్ల పంపు అవసరం మచ్చుకైనా లేదు.

ఇథనాల్ ఎక్కువగా ఉండే ఈ85 ఇంధనమైతే అంకెలు మారిపోతాయి. పెట్రోలు 1 కిలో మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ85కి సుమారు 9.8 చాలు. అంటే అదే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి. లీటర్లలో చూస్తే 30 నుంచి 40 శాతం అదనం. 400 హార్స్‌పవర్ టర్బో పెట్రోలు మీద గంటకు 146 లీటర్లు అడిగితే, ఈ85 మీద 200 దాకా, మిగులుతో కలిపి 250 అడుగుతుంది. 255 పంపు కాగితం మీద సరిపోయినట్టే కనిపిస్తుంది. నిజానికి సరిపోదు.

ఎందుకంటే డబ్బా మీది అంకె ఒకే ఒక్క ప్రెషర్ దగ్గర, ఒకే ఒక్క వోల్టేజి దగ్గర నిజం. ఎదురు ప్రెషర్ పెరిగేకొద్దీ ఏ పంపైనా తక్కువ లీటర్లు ఇస్తుంది. 3 బార్ల దగ్గర 255 ఇచ్చే పంపు 4 బార్ల దగ్గర అంత ఇవ్వదు, 5 దగ్గర ఇంకా తగ్గుతుంది. బూస్ట్ ఎంత ఎక్కువైతే రైలు ప్రెషర్ అంత ఎక్కువ. అంటే ఇంజిన్‌కి అత్యధిక ఇంధనం కావాల్సిన క్షణంలోనే పంపు సామర్థ్యం అత్యల్పంగా ఉంటుంది. దానికి తోడు కొన్ని పంపుల్లో లోపలే ఒక రిలీఫ్ వాల్వ్ ఉండి, ఒక హద్దు దాటగానే పెట్రోలుని ట్యాంకులోకే వదిలేస్తుంది. కాబట్టి కొనేటప్పుడు అడగాల్సింది ఫ్లో చార్ట్. బేస్ ప్రెషర్‌కి మీ గరిష్ఠ బూస్ట్ కలపండి, ఫిల్టర్, పైపుల నష్టానికి ఇంకో అర బార్ వేసుకోండి. ఆ ప్రెషర్ దగ్గర, మీ పంపుకి నిజంగా అందే వోల్టేజి దగ్గర చార్ట్‌లో ఉన్న అంకె చూడండి. చార్ట్ చూపించలేని పంపుని కొనకపోవడమే మేలు. ప్రసిద్ధ పంపులకు నకిలీలు విపరీతంగా ఉన్నాయి కూడా, ధర అనుమానంగా తక్కువుంటే అనుమానించాల్సిందే.

మరీ పెద్దదైతే

అవసరానికి మించి పెద్ద పంపు వేస్తే ఏం పోతుంది, మిగిలింది రిటర్న్‌లో వెళ్లిపోతుంది కదా అనిపిస్తుంది. వెళ్లగలిగితే వెళ్తుంది. ఐడిల్‌లో ఇంజిన్ గంటకు ఒక లీటరు అటూ ఇటుగా తాగుతుంది. పంపు తోసిన మిగతా వందల లీటర్లూ రెగ్యులేటర్ సన్నని రంధ్రంలోంచి, ఫ్యాక్టరీ రిటర్న్ పైపులోంచి వెనక్కి పోవాలి. పైగా వాక్యూమ్ వల్ల అప్పుడు ప్రెషర్ లక్ష్యం అన్నిటికంటే తక్కువ, పంపుకి ఎదురు తక్కువ కాబట్టి అది అన్నిటికంటే ఎక్కువగా తోస్తుంది. రెగ్యులేటర్‌కి అసలు పరీక్ష ఫుల్ బూస్ట్ మీద ఉండదు, ఐడిల్‌లో ఉంటుంది. అది చాలకపోతే ప్రెషర్ 2.4కి దిగకుండా 3 పైనే ఉండిపోతుంది, ఐడిల్ రిచ్ అవుతుంది (మిశ్రమంలో పెట్రోలు ఎక్కువవుతుంది), ప్లగ్గులకు మసి పడుతుంది. దీన్ని కనిపెట్టడం తేలిక: వాక్యూమ్ హోస్ తీసినా పెట్టినా గేజి ముల్లు పెద్దగా కదలకపోతే రెగ్యులేటర్ ఎప్పుడో చేతులెత్తేసిందని. దీనికి మందు పెద్ద రెగ్యులేటర్, దానితోపాటు లావు రిటర్న్ పైపు. రెగ్యులేటర్ ఒక్కటే మార్చి సన్నని పైపు ఉంచేస్తే అడ్డంకి కొంచెం వెనక్కి జరుగుతుంది, అంతే.

రెండో నష్టం వేడి. 13.5 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లు లాగే పంపు 200 వాట్లు తింటుంది. అదంతా చివరికి పెట్రోలులోకే వేడిగా చేరుతుంది. ట్యాంకులో 10 లీటర్లే ఉండి, ఆ వేడి బయటకు పోయే దారి లేకపోతే, లెక్క ప్రకారం గంటలో 40 డిగ్రీలకు పైగా వేడెక్కించగల శక్తి అది. నిజంగా అంత పెరగదు, ట్యాంకు గోడల నుంచి కొంత పోతుంది. కానీ ఇంజిన్ పక్కన తిరిగొచ్చిన పెట్రోలు తెచ్చే వేడి కూడా దీనికి కలుస్తుంది. వేడెక్కిన పెట్రోలు పంపు పీల్చే చోట ఆవిరి బుడగలుగా మారుతుంది, పంపు బుడగల్ని తోయలేదు, ప్రెషర్ ఊగుతుంది, శబ్దం పెరుగుతుంది. పంపుని చల్లబరిచేది, దానికి కందెనగా పనిచేసేది కూడా ఆ పెట్రోలే. ఎప్పుడూ ట్యాంకు అడుగంటే దాకా నడిపే అలవాటు ఉంటే పెద్ద పంపు ఆయుష్షు తగ్గుతుంది.

నిజంగా భారీ పంపు కావాల్సిన కారుకి దారులున్నాయి. పంపు వేగాన్ని ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) అవసరాన్ని బట్టి మార్చే పీడబ్ల్యూఎం (కరెంటుని వేగంగా ఆన్, ఆఫ్ చేసే) కంట్రోలర్ ఒకటి. రెండు పంపులు పెట్టి రెండోదాన్ని బూస్ట్ వచ్చాకే ఆన్ చేయడం ఇంకొకటి. రెండో పద్ధతిలో ఒక మెలిక ఉంది: రెండో పంపు చచ్చిపోయినా మామూలు డ్రైవింగ్‌లో తెలియదు. ఫుల్ బూస్ట్ కొట్టినప్పుడే తెలుస్తుంది, అప్పటికే ఆలస్యం. తేడా ప్రెషర్ పడగానే బూస్ట్ తగ్గించడమో ఇంజిన్‌ని కట్ చేయడమో చేసేలా ఈసీయూలో రక్షణ పెట్టకుండా రెండు పంపుల జోలికి వెళ్లకూడదనేది నా గట్టి అభిప్రాయం.

పంపు వదిలేసి బేస్ ప్రెషర్ పెంచితే? 3 నుంచి 4 బార్లకు పెంచితే ఇంజెక్టర్ ప్రవాహం 15 శాతం పెరుగుతుంది. ఇంజెక్టర్లు చిన్నవై, పంపులో దమ్ము మిగిలి ఉంటే ఇది పనికొచ్చే ఉపాయమే. పంపే చాలడం లేదంటే మాత్రం అసలుకే ఎసరు, ఎదురు ప్రెషర్ పెరిగి లీటర్లు ఇంకా తగ్గుతాయి. పైగా ప్రెషర్ మారితే ఇంజెక్టర్ తెరుచుకోవడానికి పట్టే సమయం కూడా మారుతుంది, ఈసీయూలో ఆ అంకెలు సరిచేయకపోతే ఐడిల్ చెడుతుంది.

రిటర్న్ పైపు లేని కార్లు

కొత్త కార్లలో చాలావాటికి ఇంజిన్ నుంచి ట్యాంకుకి తిరిగొచ్చే పైపే ఉండదు. కొన్నిటిలో రెగ్యులేటర్ ట్యాంకులోనే పంపు మాడ్యూల్‌లో ఉంటుంది, మానిఫోల్డ్ సంగతి దానికి తెలియదు. రైలు ప్రెషర్ ఎప్పుడూ ఒక్కటే, మానిఫోల్డ్ ప్రెషర్ మారితే వచ్చే తేడాని ఈసీయూ ఇంజెక్టర్ తెరిచి ఉంచే సమయంతో సర్దుతుంది. ఇలాంటి 3.5 బార్ల కారుకి టర్బో వేసి 1 బార్ బూస్ట్ ఇస్తే తేడా 2.5కి పడి, ఇంజెక్టర్లు 15 శాతం చిన్నవైనట్టే. ఇంకొన్నిటిలో రైలు సెన్సర్ చూసుకుంటూ పంపు వేగాన్నే మార్చుతారు. ఇలాంటి కారులో ఎక్కువ కరెంటు లాగే పంపు వేస్తే ముందు కాలేది పంపుని నడిపే కంట్రోల్ మాడ్యూలే.

పెట్రోలుని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్‌లో ట్యాంకు పంపు 4 నుంచి 6 బార్లతో పెట్రోలుని అందిస్తే, క్యామ్‌షాఫ్ట్ తిప్పే మెకానికల్ పంపు దాన్ని 150 నుంచి 350 బార్లకు చేరుస్తుంది. ఇక్కడ లాగ్‌లో రెండు ప్రెషర్లూ విడివిడిగా చూడాలి. పై ప్రెషర్ పడిపోతున్నా కింది ప్రెషర్ నిలకడగా ఉంటే ట్యాంకు పంపు మార్చి ప్రయోజనం లేదు. ఆ 350 బార్ల వైపు ఇంట్లో స్పానర్ పట్టుకుని దిగే పని అసలే వద్దు.

బిగించేటప్పుడు

పని మొదలుపెట్టే ముందు పంపు ఫ్యూజు తీసి ఇంజిన్ స్టార్ట్ చేసి, దానంతట అది ఆగిపోయే దాకా నడిపితే పోర్ట్ ఇంజెక్షన్ లైనులో ప్రెషర్ చాలామటుకు దిగిపోతుంది. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. గాలి ఆడే చోట, నిప్పు దరిదాపుల్లో లేకుండా, మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకుని చేయాలి.

ట్యాంకు లోపల పంపుకీ మూతకీ మధ్య వేసే చిన్న హోస్ ముక్క దగ్గర జరిగే పొరపాటు ఎన్నో పంపుల మీదికి నెపంగా పోతుంది. బయట వాడే ఫ్యూయల్ హోస్‌కి లోపలి పొర మాత్రమే పెట్రోలుని తట్టుకునేలా ఉంటుంది. పెట్రోలులో మునిగి ఉంటే బయటి పొర ఉబ్బి, మెత్తబడి, చీలుతుంది. పంపు తోసిన పెట్రోలు ఆ చీలికలోంచి ట్యాంకులోకే పోతుంది. చుక్క కూడా బయట కారదు, వాసన రాదు, ప్రెషర్ మాత్రం లోడ్ మీద పడిపోతుంది. ట్యాంకులో వాడాల్సింది ఎస్ఏఈ జే30ఆర్10 అని ముద్రించి ఉన్న హోస్. క్లిప్పులు కూడా రబ్బరుని కోసే చిల్లుల పట్టీ రకం కాకుండా, అంచులు నున్నగా ఉండే ఫ్యూయల్ ఇంజెక్షన్ రకం వాడాలి.

రిలే వైరింగ్‌లో ఇంకో మాట. పంపుని నేరుగా ఇగ్నిషన్ తాళానికి కలిపేయకండి. ఫ్యాక్టరీ ఏర్పాటులో ఇంజిన్ తిరగడం ఆగిపోతే ఈసీయూ పంపుని ఆపేస్తుంది. తాళానికి కలిపితే ప్రమాదంలో పైపు తెగినా పంపు పెట్రోలు పోస్తూనే ఉంటుంది. అలాగే ప్రెషర్ గేజి క్యాబిన్‌లో కావాలంటే ఎలక్ట్రికల్ సెన్సర్ వాడి వైరు మాత్రమే లోపలికి తేవాలి, పెట్రోలు పైపుని ఎప్పుడూ తేకూడదు.

అంతా అయ్యాక ఇంజిన్ స్టార్ట్ చేయకుండా పంపుని కొన్నిసార్లు నడిపించి ప్రతి కీలునీ పొడి గుడ్డతో తుడిచి చూడాలి. తర్వాత ఐడిల్‌లో హోస్ తీసి, పెట్టి, బేస్ ప్రెషర్ సరిచూసుకోవాలి. డైనో (కారుని నిలబెట్టి నడిపి పవర్ కొలిచే యంత్రం) మీద మొదటి పరుగు తక్కువ బూస్ట్‌తో, తేడా ప్రెషర్, లాంబ్డా, పంపు వోల్టేజి మూడూ లాగ్ అవుతుండగా చేయాలి. గీత రెడ్‌లైన్ దాకా అడ్డంగా నిలిస్తే బూస్ట్ ఒక మెట్టు పెంచి మళ్లీ చూడాలి. ఇదే పరీక్షని ట్యాంకు పావు వంతు ఉన్నప్పుడు, ఇంజిన్ బాగా వేడెక్కాక ఇంకోసారి చేయాలి. నిండు ట్యాంకుతో చల్లటి పూట తీసిన లాగ్‌లో బయటపడని లోపాలు ఎక్కువగా దొరికేది అప్పుడే.